జానీ క్యాష్ నల్లబట్టల పాట నిజంగా నిరసన పాటేనా?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్తే. నేను అర్కాన్సాలో, లిటిల్ రాక్ లో ఉంటున్నా, వచ్చి రెండేళ్ళు దాటింది. పోయిన వారం ఆఫీసు పని మీద మెంఫిస్ వెళ్ళాల్సొచ్చి మా టీమ్ లో ఒక పెద్దాయన కారెక్కా, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మామూలుగా ఎక్కువ మాట్లాడరు. దారి పొడుగునా పాత కంట్రీ పాటలు పెట్టారు. నాకు కంట్రీ అంటే తెలిసింది ట్రక్కు, బీరు, వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయి, కౌబాయ్ టోపీ, అంతే, అందుకని పెద్దగా పట్టించుకోకుండా కిటికీలోంచి చూస్తూ కూచున్నా. మధ్యలో ఒక పాట వచ్చింది, గొంతు బాగా లోతుగా ఉంది, పాడుతున్నట్టు కూడా లేదు, పక్కన కూచుని చెప్తున్నట్టుంది. నేనెప్పుడూ నల్లబట్టలే ఎందుకేసుకుంటానో మీకు వింతగా ఉంటుంది కదా అని మొదలుపెట్టి, ఇక అక్కణ్ణించి వరసగా చెప్పుకుంటూ పోతాడు, ఊళ్ళో ఆకలి వైపున బతికేవాళ్ళ కోసం, చేసిన తప్పుకి శిక్ష ఎప్పుడో తీరిపోయినా ఇంకా జైల్లోనే మగ్గుతున్నవాడి కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, ఎవరూ లేని ముసలివాళ్ళ కోసం, మత్తులో పడి పాడైపోయినవాళ్ళ కోసం అని.

వారం వారం వందమంది కుర్రాళ్ళు పోతున్నారు అనే మాట దగ్గర మా పెద్దాయన చెయ్యి వెళ్ళి సౌండు కొంచెం పెంచింది. పాట అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆయనే చెప్పారు, వాళ్ళన్న 1970లో వియత్నాంలో పోయాడంట, అప్పటికి ఈయనకి ఎనిమిదేళ్ళు. నాకు ఏమనాలో తెలియలేదు. సారీ అన్నా, అంతే.

ఇంటికొచ్చాక వెతికితే అది జానీ క్యాష్ అనే అమెరికన్ కంట్రీ గాయకుడి 'మ్యాన్ ఇన్ బ్లాక్' (నల్లబట్టల మనిషి), 1971 పాట అని తెలిసింది, అప్పట్నించీ రోజూ వింటున్నా. నా డౌట్లు ఏంటంటే, ఆయన నిజంగా వీళ్ళందరి కోసమే నల్లబట్టలు వేసుకున్నాడా లేక పాట కోసం తర్వాత కల్పించిన కథా? దీన్ని నిరసన పాట అనొచ్చా, ఎందుకంటే ఎవర్నీ తిట్టడు, ఏ ప్రభుత్వం పేరూ ఎత్తడు? ఇంకోటి, మనకి నలుపంటే అశుభం కదండీ, పండగ పూట నల్లచొక్కా వేసుకుంటే మా అమ్మ గుమ్మం దగ్గరే ఆపేసి మార్చుకుని రమ్మనేది, అందుకేనేమో ఈ పాట నన్ను ఇంకా ఎక్కువ పట్టుకుంది. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.


టెన్నెసీ_పిన్ని

బాబూ, నాష్‌విల్ దగ్గర మా కాపురం మొదలై ఇరవై ఏళ్ళు పైనే అయింది, జానీ క్యాష్ గురించి ఎవరైనా అడిగితే నాకు నోరు ఆగదు, కాబట్టి ఓపిగ్గా చదువు.

ముందు మీ అమ్మగారి విషయం. జానీ క్యాష్ వాళ్ళమ్మకి కూడా నలుపు అస్సలు నచ్చేది కాదు! ఆయన ఆత్మకథలోనే రాసుకున్నాడు, మొదట్లో కొడుకు నల్లబట్టల్లో స్టేజి ఎక్కుతుంటే ఆవిడ చూడలేక తళుకుల బట్టలు తనే కుట్టి ఇచ్చేదట, ఆయన కొన్నాళ్ళు అమ్మ మాట కాదనలేక అవే వేసుకుని మళ్ళీ నలుపుకే వచ్చేశాడు. ఏ దేశమైనా అమ్మలు అమ్మలే.

ఇక అసలు సంగతి. మొదట నలుపు ఎందుకు వచ్చిందంటే, మెంఫిస్ లో ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి మొట్టమొదటిసారి జనం ముందు ఒక చర్చిలో వాయించాల్సొస్తే ముగ్గురి దగ్గరా ఒకే రంగులో ఉన్న చొక్కాలు నల్లవే, అంతే కారణం. అంటే మొదలు పేదవాళ్ళ కోసం కాదు, ఇది ఆయన దాచలేదు కూడా. కానీ పదిహేనేళ్ళకి పైగా అదే వేసుకున్నాక జనం అడుగుతూనే ఉన్నారు ఎందుకు ఎందుకు అని, అప్పుడు ఆయన ఆ బట్టలకి ఒక అర్థం ఇచ్చుకున్నాడు, ఇచ్చుకుని చనిపోయేదాకా ఆ మాట మీద నిలబడ్డాడు. నా దృష్టిలో అది కల్పించిన కథ కాదు, మొక్కు లాంటిది. మొక్కు కూడా పుట్టుకతో రాదు కదా, మధ్యలో ఒకరోజు మొక్కుకుంటాం, అప్పట్నించీ అది మన మీద ఉంటుంది.

పాట పుట్టిన తీరు కూడా చెప్తా. 1969 జూన్ నుంచి 1971 మార్చి దాకా ఏబీసీ టీవీలో ఆయన పేరు మీదే ఒక షో వచ్చేది, ఇక్కడ రైమన్ ఆడిటోరియంలోనే షూటింగ్. ఒక ఎపిసోడ్ కోసం వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ స్టూడెంట్లతో కూచుని మాట్లాడాడు, యుద్ధం గురించీ డ్రగ్స్ గురించీ వాళ్ళు అడిగినవి విన్నాక ఈ పాట రాశాడు, 1971 ఫిబ్రవరిలో అదే షోలో మొదటిసారి పాడాడు. రికార్డు బయటికొచ్చాక కంట్రీ చార్టులో 3వ స్థానం దాకా వెళ్ళింది. ఇది గమనించు, యుద్ధం వద్దని ఊరేగింపులు తీసే పిల్లలు ఒకవైపు, వాళ్ళని చూస్తే మండిపడే కంట్రీ శ్రోతలు ఇంకోవైపు ఉన్న రోజులవి, ఆ రెండో గుంపు ముందు నిలబడి పాడాడు ఈయన. ఎవర్నీ తిట్టలేదంటున్నావు, తిట్టి ఉంటే రేడియో ఆపేసేవాళ్ళు బాబూ, నేను ఈ నలుపు విప్పను అని చెప్తే ఏమని ఆపుతారు?

ఆ వందమంది సంగతి కూడా ఊరికే ప్రాస కోసం వేసింది కాదు. 1968లో అయితే ఒక్క ఏడాదిలో పదహారు వేలకి పైగా అమెరికన్ సైనికులు వియత్నాంలో పోయారు, 1970కి వచ్చేసరికి ఆరువేల పైచిలుకు, 52 వారాలతో భాగించి చూడు. మీ పెద్దాయన అన్నగారు ఆ లెక్కలోనే ఉన్నారు.


పత్తిచేను

అన్నా, నేను జమ్మికుంట దిక్కు, ఇప్పుడు హైదరాబాద్ ల ఉద్యోగం. పాట గురించి నాకు పెద్దగ తెల్వదు గాని ఆ మనిషి గురించి ఒకటి తెలుసు, ఆయన పత్తి ఏరిన మనిషి. అందుకే నాకు ఆయన పాటలు పట్టినయి.

పుట్టింది 1932ల అర్కాన్సా రాష్ట్రంలనే, కింగ్స్‌లాండ్ అనే ఊరు. అప్పుడు అక్కడ పెద్ద కరువు రోజులు, పత్తికి రేటు లేక రైతులు ఆగమైన టైమ్. రూజ్వెల్ట్ సర్కారు డయ్యస్ అని ఒక కాలనీ కట్టి దివాలా తీసిన రైతు కుటుంబాలకు ఇల్లు, 20 ఎకరాల దాక భూమి, ఒక కంచర గాడిద ఇచ్చింది, పంట పండించి మెల్లగ అప్పు తీర్చుకోవాలె. 1935ల వీళ్ళ ఇంటోళ్ళు అక్కడికి పోయిండ్రు, అప్పుడు జానీకి మూడేండ్లు. భూమంటే సాపు భూమి కాదు, బురద, పొదలు, మొత్తం నరికి చదును చేసుకోవాలె. రెండేండ్లకే 1937ల వరద వస్తే ఇల్లు విడిచిపెట్టి పోవాల్సొచ్చింది, దాని మీద కూడా తర్వాత ఒక పాట కట్టిండు. చిన్నపిల్లలకు ఆరడుగుల గోనె, పెద్దోళ్ళకు తొమ్మిదడుగులది, దాన్ని భుజానికేసుకొని సాలు పొడుగున ఈడ్చుకుంట ఏరుడే.

మా అమ్మ ఒడి కట్టుకొని ఏరేది. నేను దసరా సెలవులల్ల కైకిలి పోయిన, కిలోకింత అని లెక్క. పత్తి చూస్తే మెత్తగ కనవడతది గాని కాయ డిప్ప ఎండి ముల్లు లెక్క అయితది, గోర్ల సందుల గుచ్చుకుంటది, పొద్దుమీకి అన్నం కలుపుకుంటే వేళ్ళు భగ్గుమంటయి. గదంత తెలిసినోడు ఆకలి వైపు బతికేటోళ్ళ గురించి పాడుతుండు అంటే నేను నమ్ముత, నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకొకటి గూడ చెప్పాలె. 1944ల ఆయన అన్న జాక్ కట్టెలు కోసే మిల్లుల రంపం మీద పడి పోయిండు, జానీకి అప్పుడు పన్నెండేండ్లు. నాలుగు పైసలు ఇంటికొస్తయని శనివారం పనికి పోయిన పిలగాడు. ఆ దుఃఖం ఆయన జీవితమంత ఇడువలేదంటరు. ఆ పాటల బతకాల్సిన జీవితాల కోసం అని వచ్చే కాడ నాకు వియత్నాం కంటె ముందు ఆ అన్ననే యాదికొస్తడు. ఇది నా ఆలోచన మాత్రమే.


రెండోవైపు

పై ఇద్దరూ బాగా రాశారు, కానీ నాకు కొన్ని ఇబ్బందులున్నాయి, గొడవ కోసం కాదు, ఇష్టంగా వినేవాడిగానే చెప్తున్నా.

మొదటిది, ఆ డయ్యస్ కాలనీలో తెల్లవాళ్ళ కుటుంబాలకి మాత్రమే చోటిచ్చారు. అదే అర్కాన్సాలో అవే పత్తి చేలల్లో కౌలుకి చేస్తూ అంతే అప్పుల్లో, అంతే ఆకలితో ఉన్న నల్లజాతి కుటుంబాలకి సర్కారు ఆ ఇల్లూ ఇవ్వలేదు, ఆ గాడిదా ఇవ్వలేదు. ఇప్పుడు పాట తీసుకోండి, బీదలు ఉన్నారు, ఖైదీలు ఉన్నారు, ముసలివాళ్ళు, సైనికులు అందరూ ఉన్నారు, కానీ 1971 అంటే మార్టిన్ లూథర్ కింగ్ ని మెంఫిస్ లో చంపి మూడేళ్ళే అయింది, అదే మెంఫిస్ ఈయన పాటలు మొదలైన ఊరు, అయినా రంగు వల్ల వెనక్కి నెట్టబడ్డవాళ్ళ మాట పాటలో ఒక్క లైను కూడా నేరుగా లేదు. ఆ బీదల్లోనే వాళ్ళూ ఉన్నారు అనొచ్చు, కానీ పేరు పెట్టి చెప్పడం వేరు, కలిపి చెప్పడం వేరు. మన దగ్గర కూడా పేదలు అనడం సులువు, ఏ పేటవాళ్ళో చెప్పడం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.

రెండోది యుద్ధం. 1969 మొదట్లో ఈయన వియత్నాం వెళ్ళి సైనికులకి పాటలు పాడి వచ్చాడు. అంటే మీరు యుద్ధాన్ని సమర్థిస్తారా అని ఎవరో అడిగితే, గాయపడ్డ కుర్రాళ్ళని హెలికాప్టర్లలో దించుతుంటే చూశాక మనిషి గోళ్ళున్న శాంతి పావురం అవుతాడు అనే అర్థం వచ్చేలా చెప్పాడు. మరుసటేడు నిక్సన్ పిలిస్తే వైట్ హౌస్ లో కూడా పాడాడు. ఇక్కడ ఒక కథ అందరూ ఫార్వర్డ్ చేస్తుంటారు, ప్రభుత్వ సాయం తీసుకునే పేదల్ని వెక్కిరించే ఒక పాట నిక్సన్ పాడమంటే క్యాష్ ఎదురు తిరిగి పాడనన్నాడు అని. పాడలేదు, అది నిజమే. కానీ కారణం అడిగితే ఆయనే తర్వాత చెప్పింది, అది నా పాట కాదు, నేర్చుకునే టైము లేదు అని. మనం హీరోని చేయాలనే ఆరాటంలో ఆయన అనని మాటలు ఆయన నోట్లో పెట్టకూడదని నా బాధ. అయితే అక్కడ ఆయన ఎంచుకుని పాడినవాటిలో కుర్రాళ్ళ తరఫున, వాళ్ళు అడిగే ప్రశ్నల తరఫున రాసిన పాట ఒకటుంది, ప్రెసిడెంటు ముందు అది పాడటం చిన్న విషయం కాదు, అది కూడా ఒప్పుకోవాలి.


శబరి_ఒడ్డు

రెండోవైపు గారూ, పేరు పెట్టి చెప్పలేదన్న మాట ఈ పాట వరకూ ఒప్పుకుంటా. కానీ ఈ పాటకి ఏడేళ్ళ ముందు ఆయన పేరు పెట్టే చెప్పాడండీ, చెప్పి దెబ్బ కూడా తిన్నాడు.

1964లో 'బిటర్ టియర్స్' అని మొత్తం ఆల్బమ్ అమెరికా మూలవాసుల మీదే చేశాడు. అందులో ఐరా హేయిస్ పాట ఉంది, రాసింది పీటర్ లా ఫార్జ్. ఐరా హేయిస్ అరిజోనాలో పీమా తెగ మనిషి, 1945 ఫిబ్రవరిలో జపాన్‌తో యుద్ధంలో ఇవో జిమా దీవి మీద అమెరికా జెండా ఎత్తిన ఆరుగురిలో ఒకడు, ఆ ఫోటో చూడనివాళ్ళుండరు. దేశమంతా వీరుడని ఊరేగించింది. ఇంటికొస్తే ఆ తెగ భూములకి నీళ్ళు లేవు, నదిని పైనే మళ్ళించేసుకున్నారు. తాగుడులో పడి 1955 జనవరిలో, 32 ఏళ్ళకే, చలిలో బయటే పడి చనిపోయాడు. ఈ పాటని చాలా రేడియో స్టేషన్లు వెయ్యలేదు. అప్పుడు క్యాష్ ఏం చేశాడంటే సొంత డబ్బుతో బిల్‌బోర్డ్ పత్రికలో పేజీ మొత్తం ప్రకటన కొని స్టేషన్ల వాళ్ళని నేరుగా అడిగేశాడు, మీ దమ్ము ఎక్కడికి పోయింది అని. చివరికి ఆ పాట కంట్రీ చార్టులో 3 దాకా వెళ్ళింది. నిరసన అంటే ఇదేగా.

అదే ఆల్బమ్ లో ఇంకో పాట నేను వినలేను, విన్నా మధ్యలో ఆపేస్తా. పెన్సిల్వేనియాలో కిన్‌జువా డ్యామ్ కడితే సెనెకా తెగవాళ్ళ భూమి దాదాపు పదివేల ఎకరాలు మునిగిపోయింది, 1794లో జార్జి వాషింగ్టన్ కాలంలో ఈ నేల మీదే అని రాసిచ్చిన ఒప్పందం ఉండగానే. సమాధుల్ని కూడా తవ్వి తరలించారు. మాది పోలవరం ముంపు మండలం. 2014లో మా ఏడు మండలాల్ని ఇటు నుంచి అటు కలిపేటప్పుడు మా కోయవాళ్ళనీ కొండరెడ్లనీ ఎవరు అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు. మా తాత ఒక చింతచెట్టు కింద ఉన్నాడు. ఇంగ్లీషు పాట అర్థం కాదనే మా అమ్మకి ఆ పాట కథ చెప్తే, వాళ్ళకీ ఇలాగే చేశారా అని ఒక్క మాటంది.


టెన్నెసీ_పిన్ని

శబరి_ఒడ్డు, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశానమ్మా.

రెండోవైపు అన్నవి కూడా తీసిపారేసేవి కావు. నేను ఒకటే కలుపుతా, ఖైదీల సంగతి, ఎందుకంటే పాటలో అన్నిటికంటే బరువు పెట్టింది ఆయన అక్కడే అనిపిస్తుంది నాకు. క్యాష్ ఎప్పుడూ జైలుశిక్ష పడి కూచోలేదు, మాత్రల అలవాటు వల్లా అల్లరి వల్లా ఒక్కో రాత్రి లాకప్పులో ఉన్నాడంతే. కానీ 1950ల నుంచే జైళ్ళకి వెళ్ళి పాడేవాడు. సాన్ క్వెంటిన్ లో ఒకసారి పాడినప్పుడు ఖైదీల్లో కూచుని విన్న ఒక కుర్రాడు తర్వాత పెద్ద కంట్రీ గాయకుడయ్యాడు, మెర్ల్ హ్యాగర్డ్. 1968 జనవరి 13న ఫాల్సమ్ జైల్లో రికార్డు చేసిన ఆల్బమ్ సంగతి అందరికీ తెలుసు. దాని ముందు రోజు ఒక పాస్టరు గారు తెచ్చి ఒక టేపు వినిపించారు, అందులో ఆ జైలు చర్చి గురించి గ్లెన్ షెర్లీ అనే ఖైదీ తనే రాసి పాడుకున్న పాట ఉంది. క్యాష్ రాత్రికి రాత్రే దాన్ని నేర్చుకుని మర్నాడు జైల్లో పాడాడు, రాసినవాడు ముందు వరసలోనే కూచుని ఉన్నాడు, తన పాట వస్తుందని అతనికి తెలియదు.

ఇక్కడితో ఆపితే సినిమా లాగా ఉంటుంది. కానీ తర్వాతది కూడా చెప్పాలి. 1971లో షెర్లీ విడుదలైతే క్యాష్ దగ్గరుండి తీసుకొచ్చి తన బృందంలో పని ఇచ్చాడు, 1972లో సెనేట్ లో జైళ్ళ సంస్కరణ మీద మాట్లాడటానికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళాడు. అతను బయటి బతుకులో ఇమడలేకపోయాడు. బృందంలో వాళ్ళని బెదిరించేదాకా వెళ్ళింది, క్యాష్ పంపించేయాల్సొచ్చింది. 1978లో షెర్లీ తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ తర్వాత క్యాష్ జైలు కచేరీలు బాగా తగ్గించేశాడు. ఎవరిది తప్పు అని నేను చాలాసార్లు ఆలోచించా, ఇన్నేళ్ళు లోపల పెట్టి ఒకరోజు తలుపు తీసి స్టేజి ఎక్కిస్తే మనిషి తట్టుకోగలడా? ఒక్క మనిషి దయ, ఎంత పెద్ద స్టారైనా సరే, అంత పని చెయ్యలేదు, అందుకేనేమో సెనేట్ కి వెళ్ళి చట్టం మార్చండి అని అడిగాడు. పాట చివర కూడా చూడు, ఇంద్రధనస్సు రంగులన్నీ వేసుకోవాలని నాకూ ఉంది, లోకం బాగుపడే దాకా కొంచెం చీకటి నా వీపు మీద మోస్తాను అంటాడు. కొంచెం అన్నాడు, మొత్తం అనలేదు.


పత్తిచేను

పిన్నీ గా షెర్లీ ముచ్చట నాకు తెల్వదు. రాత్రి నిద్ర పట్టేటట్టు లేదు.

రెండోవైపు అన్నా, కాలనీ తెల్లోళ్ళకే అన్న సంగతి గూడ నాకు తెల్వకుండె, చెప్పినందుకు మంచిగైంది. మా ఊర్ల గూడ భూములు పంచినప్పుడు ఎవలకు వచ్చినయో ఎవలకు రాలేదో మా నాయిన లెక్క చెప్పేటోడు. పాట మీద నా ప్రేమ తగ్గలేదు గాని ఇప్పుడు ఇంకొంచెం ఖుల్లగ వింట.


కృష్ణలంక_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఒక్క పాట గురించి అడిగితే ఇంత వస్తుందనుకోలేదు. నిరసన పాటా కాదా అని అడిగా గానీ ఇప్పుడు ఆ ప్రశ్న నాకే చిన్నగా అనిపిస్తోంది. పిన్నిగారు మొక్కు అన్నారు చూడండి, అది మా అమ్మకి ఫోన్లో చెప్పా. అయ్యప్ప మాల వేసుకున్నోళ్ళు నలభై ఒక్క రోజులు నల్లబట్టల్లో తిరిగితే మనం స్వామీ అని దణ్ణం పెడతాం కదరా, నలుపుదేముంది, ఎందుకేసుకున్నాడన్నదే అంది. అదే అమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది కూడా!

ఐరా హేయిస్ పాట రాత్రి విన్నా. వెంటనే రెండోసారి వినలేకపోయా, శబరి_ఒడ్డు గారు చెప్పింది అర్థమైంది.

డయ్యస్ లో వాళ్ళిల్లు బాగుచేసి 2014 నుంచి చూడనిస్తున్నారంట, అర్కాన్సా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చూసుకుంటున్నారు. మెంఫిస్ కి ఉత్తరంగా గంట లోపే. మా పెద్దాయన్ని అడిగా, మీరు చూశారా అని, పుట్టింది ఇక్కడే అయినా ఎప్పుడూ వెళ్ళలేదన్నారు, వచ్చే శనివారం ఇద్దరం వెళ్తున్నాం, ఈసారి కారు నాది. ఆయనకి వాళ్ళన్న పేరేంటో అడగాలి. ఆరోజు కారులో అడగలేకపోయా.